పాతకారు ప్రక్క అద్దము – దాని రబ్బరు

అంబాసిడరు కారును హిందూస్తాన్ మోటార్స్ వారు 1958లో మొదలుపెట్టి 2014లో ఉత్తరపారా కర్మాగారంలో ఆపివేశారు. తయారీ ఆగినా బండ్లు ఆగలేదు. అటువంటి బండి తలుపు అద్దము పగిలితే యజమానికి మొట్టమొదట అందే సలహా ఒకటున్నది: “కిటికీ అద్దాల కొట్లో కొలతకు కోయించుకురండి సార్, చవగ్గా అయిపోతుంది.” యీ సలహా ఎందుకు పనికిరాదో ముందు తెలుసుకుందాము.

కారు ప్రక్క అద్దము మామూలు గాజు కాదు. పలకను కావలసిన ఆకారానికి ముందే కోసి, అంచులు నూరి, 600 డిగ్రీల సెంటిగ్రేడు దాటేవరకు కాచి, రెండువైపుల నుండీ గాలి కొట్టి చప్పున చల్లారుస్తారు. పైపొర ముందు గట్టిపడిపోతుంది. లోపలి భాగము ఆలస్యంగా చల్లారి, ముడుచుకోబోతూ పైపొరను లోనికి లాగుతుంది. అందువల్ల పైన ఒత్తిడి, లోపల లాగుడు శాశ్వతంగా నిలిచిపోతాయి. గాజు పగలాలంటే పైనున్న చిన్న గీత నోరు తెరవాలి గదా! ఒత్తిడి దాన్ని తెరవనివ్వదు. అదే దాని బలం. కాని పగులు ఆ పొర దాటి లోపలికి పోయిందంటే పలక మొత్తం పటికబెల్లం పలుకుల్లా రాలిపోతుంది. కాబట్టి దీన్ని తరువాత కోయడమనేది కుదరని పని. ఎవరైనా కోసి యిచ్చారంటే అది యీ రకం గాజు కాదన్నమాటే. మామూలు గాజు పగిలితే కత్తుల్లాంటి ముక్కలవుతుంది. వెనుక సీట్లో కిటికీకి తలానించి నిద్రపోయే పిల్లవాడిని ఒకసారి తలచుకోండి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు కూడ సేఫ్టీ గాజునే వాడమంటాయి; ప్రక్క అద్దం గుండా కనీసం 50 శాతం వెలుతురు రావాలంటాయి.

కొనేటప్పుడు మూలనున్న ముద్ర చూడండి. అది అరిగిపోతే పోలరాయిడ్ కళ్ళజోడు పెట్టుకొని, అద్దాన్ని ఏటవాలుగా పట్టి ఆకాశంకేసి చూడండి. మచ్చలు మచ్చలుగా కనిపిస్తే కాచి చల్లార్చిన గాజే. దాన్ని నేలమీద అంచుమీద నిలబెట్టకండి, గోనెసంచి పరచండి. దాని ప్రాణమంతా అంచులోనే వున్నది.

ఇక రబ్బరు. మెకానిక్కులు బీడింగ్ అంటారు. సహజ రబ్బరు అణుగొలుసులో జంటబంధాలున్నవి. గాలిలోని ఓజోను వాటిని తెంపుతుంది. అందుకే రబ్బరు సాగివున్న మూలల్లోనే ముందు బీటలు వారుతుంది. ఇ.పి.డి.ఎం. అనే కృత్రిమ రబ్బరు వెన్నెముకలో ఆ బంధాలు లేవు గనుక ఎండకు ఆగుతుంది. అడిగి అదే తీసుకోండి. పట్టీని సాగదీసి కొలిచి కోయవద్దు. పిదప ముడుచుకొని మూలలో సందు పడుతుంది. కాస్త ఎక్కువే వుంచి, నొక్కి అమర్చాలి.

పాత ఫోక్స్‌వాగన్ బీటిలు వెనుక ప్రక్క అద్దంలాగ కదలని అద్దాలకు దారం పద్ధతి వున్నది. పాత రబ్బరు కోసేసి, రేకు అంచున తుప్పు గీకి, ప్రైమరు, రంగు వేసి ఆరనివ్వాలి. (తుప్పు మీదే బిగించేవాళ్ళు రెండేళ్ళకు రేకు మార్చుకుంటారు.) కొత్త రబ్బరు అద్దానికి తొడిగి, రేకు పట్టే గాడిలో నులక దారం చుట్టూ పెట్టి, కొసలు రెండూ లోపలికి వదలాలి. సబ్బునీళ్ళు పూయండి. గ్రీజు, ఇంజను ఆయిలు మాత్రం వద్దు, రబ్బరు ఉబ్బిపోతుంది. బయట ఒకరు అరచేత్తో నొక్కుతుంటే లోపల ఒకరు మెల్లగా దారం లాగితే, రబ్బరు పెదవి రేకు దాటి లోపలికి వస్తుంది. సుత్తి ముట్టుకోవద్దు.

అంబాసిడరు తలుపులో యీ తంటా లేదు. హాండిళ్ళు, డోర్ ప్యాడ్ విప్పి, అద్దం జారే ఛానళ్ళలో ఫెల్టు మార్చి, క్రింది అంచును రబ్బరుతో పట్టీలో కూర్చోబెడితే సరి. అద్దం బిగుసుకొని కదిలితే ఛానలు వరుస తప్పినట్లే, బలవంతాన త్రిప్పకండి. ప్యాడ్ మళ్ళీ మూసేముందు అద్దం మీద చెంబుడు నీళ్ళు పోయండి. కొంత నీరు తలుపు లోపలికి దిగడం సహజమే. అడుగునున్న రంధ్రాల నుండి బయటికి వస్తున్నదా లేదా అనేదే చూడాలి. రాకుంటే మట్టి పూడిందన్నమాట, ఒక సన్నపు పుల్లతో పొడిచి తీయండి.