బ్రియెంట్స్ సరస్సు ఒడ్డున: ఒక పెద్దవాడి అనుభవ పాఠాలు

స్విట్జర్లాండ్ వచ్చే మనవాళ్లు చాలామంది ఇంటర్లాకెన్‌లో దిగుతారు, మర్నాడు యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ మంచు చూస్తారు, సాయంత్రానికి మూట సర్దేస్తారు. ఆ ఊరికి తూర్పున బ్రియెంట్స్, పడమట టూన్ అని రెండు సరస్సులున్నాయి. కొడుకు ఉద్యోగం ఈ దేశంలో కావడంతో వేసవుల్లో వచ్చిపోతూ ఈ ఒడ్డున తిరిగినవాణ్ని కనుక చెబుతున్నాను: కొండకు ఒక్క రోజు చాలు, మిగతావి నీటికివ్వండి.

1. నీటి రంగు ఎక్కడిదో తెలుసుకుని చూడండి. వేసవిలో బ్రియెంట్స్ నీరు పాలు కలిపినట్టు నీలిపచ్చగా ఉంటుంది. ఫొటోల్లో దిద్దిన రంగు కాదది. కొండల మీది హిమానీనదాలు రాతిని అరగదీస్తాయి. ఆ సన్నటి పొడిని ఆరె, ల్యూచినె నదులు మోసుకొచ్చి సరస్సులో కలుపుతాయి. నీటిలో తేలాడే ఆ పొడి మీద ఎండ పడితే ఈ వన్నె. లోతు 260 మీటర్ల దాకా ఉంది, నీరు జులైలోనూ చల్లగానే ఉంటుంది. మనవల్ని ఒక్కసారిగా దూకనివ్వకండి.

2. రైలుంది కదా అని పడవను వదులుకోకండి. ఇంటర్లాకెన్ నుంచి రైల్లో ఇరవై నిమిషాల్లో చేరే బ్రియెంట్స్ ఊరికి పడవ మీద గంటకు పైగా పడుతుంది. ఆ గంటే అసలు ప్రయాణం. వేసవిలో 1914 నాటి లోచ్‌బెర్గ్ స్టీమరు తిరుగుతుంది. పక్కచక్రాలతో నీటిని తోసుకుంటూ పోతుంది. స్విస్ ట్రావెల్ పాస్ ఉంటే వేరే టికెట్టు అక్కర్లేదు. పులిహోర పొట్లం దగ్గరుంచుకుని బయటి బల్ల మీద కూర్చోండి.

3. గీస్‌బాఖ్ రేవులో తప్పక దిగండి. నాకు ఈ సరస్సు మీద అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇదే. అడవిలోంచి జలపాతం 14 మెట్లుగా దూకుతుంది. ఒకచోట కాలిబాట నీటిధార వెనకనుంచి పోతుంది. ఆ తుంపరలో నిలబడితే పక్కవాళ్ల మాట వినిపించదు. రేవు నుంచి పైకి 1879లో వేసిన కొండరైలు ఇప్పటికీ నడుస్తోంది. పైనున్న పాత హోటల్‌ను కూల్చి కొత్తది కట్టాలనుకున్న రోజుల్లో, ప్రకృతి పరిరక్షణకు పోరాడే ఫ్రాంజ్ వెబర్ అడ్డుపడ్డారు. జనం ఇచ్చిన విరాళాలతో 1983లో ఒక ఫౌండేషన్ పెట్టి ఆ హోటల్‌ను, చుట్టూ ఉన్న భూమినీ కాపాడారు. కాఫీకి డబ్బు ఎక్కువే, అయినా ఆ వరండాలో ఒకసారి తాగండి. జనం నిలబెట్టుకున్న చోటు అంటే నాకు గౌరవం.

4. బ్రియెంట్స్ నుంచి రోట్‌హార్న్ కొండకు 1892లో మొదలైన ఆవిరి రైలుంది. పట్టాల మధ్య పళ్ల కడ్డీని పట్టుకుని 2,244 మీటర్ల ఎత్తుకు ఎక్కుతుంది. పొద్దున్నే కొండ మీది కెమెరా దృశ్యం చూసి, మబ్బు లేకపోతేనే టికెట్టు కొనండి. మొదట చెప్పిన యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ మాత్రం ఇంకా ఎత్తు, 3,454 మీటర్లు; అక్కడ గాలి పలచన. మా వదినగారికి తల తిరిగి అరగంట కూర్చోవాల్సి వచ్చింది. గుండె జబ్బున్నవాళ్లు డాక్టర్ని అడక్కుండా అంత పైకి వెళ్లొద్దు.

5. ఒడ్డున నారింజరంగు దీపం మెరుస్తుంటే పట్టించుకోండి. నిమిషానికి 40 సార్లు మెరిస్తే గట్టి గాలి రావచ్చని, 90 సార్లు మెరిస్తే తుఫాను గాలి ముంచుకొస్తోందని అర్థం. అద్దె పడవలో ఉన్నవాళ్లు వెంటనే ఒడ్డుకు రావాలి. కొండల మధ్య వాతావరణం చూస్తుండగానే మారిపోతుంది.

6. పసుపురంగు దారి పలకల మీద ఎంతసేపు నడవాలో రాసి ఉంటుంది. అందులో ఆగే సమయం కలపరు. మా వయసువాళ్లు దాన్ని ఒకటిన్నర రెట్లు చేసుకోవాలి.

7. ఆదివారం దుకాణాలు దాదాపు అన్నీ మూసేస్తారు, శనివారమే పాలు, రొట్టె కొనిపెట్టుకోండి. కుళాయి నీళ్లు హాయిగా తాగొచ్చు.

8. ఇదే ఒడ్డున ఉన్న ఇసెల్ట్‌వాల్డ్ పల్లెలోని పడవ రేవు ఒక కొరియన్ సీరియల్ వల్ల ప్రసిద్ధమైంది. ఫొటో కోసం వచ్చే జనం తాకిడికి ఆ చిన్న పల్లె 5 ఫ్రాంకుల రుసుము పెట్టింది. విసుక్కోకుండా ఇవ్వండి, ఇళ్ల గుమ్మాల ముందు గొంతు తగ్గించండి.

9. ఒక రోజంతా బ్రియెంట్స్ దగ్గరి బాలెన్‌బెర్గ్ ఆరుబయటి మ్యూజియానికి ఉంచుకోండి. దేశం నలుమూలల నుంచి వందకు పైగా పాత ఇళ్లను విప్పి తెచ్చి, ఇక్కడ మళ్లీ నిలబెట్టారు. వంటగదుల్లోకి, పశువుల కొట్టాల్లోకి వెళ్లి చూడొచ్చు. చలికాలంలో మూసి ఉంటుంది. బ్రియెంట్స్ స్టేషన్ ముందు నుంచి బస్సు దొరుకుతుంది, పొద్దున బస్సే ఎక్కండి.