బోధించువారిని సిద్ధపరచు సంఘము

పాఠ్యభాగములు: నిర్గమ. 18:13-26, అపొ. కార్య. 18:24-28, 2 తిమోతి 2:1, 2
కంఠత చేయవలసిన వాక్యము: 2 తిమోతి 2:2



ఒక్క కాపరి చేతిక్రింద మూడు నాలుగు గ్రామముల సంఘములున్న చోట్లు మన ప్రాంతములలో కలవు. ఆయన ఒక ఊరిలో ఆరాధన జరిగించుచున్న ఆదివారమున తక్కిన ఊళ్ళలో గుడి తాళము తీయువారుండరు. తీసినను రెండు పాటలు పాడి, ప్రార్థన చేసి, కానుక పట్టి ఇండ్లకు పోవుదురు. వాక్యము చెప్పువారుండరు. ఊరిలో ఎవరైన చనిపోయినయెడల, కాపరి వచ్చువరకు ఆ ఇంట ఒక ఆదరణ మాట పలుకువారుండరు. బాప్తిస్మము పొంది ఇరువది ముప్పది సంవత్సరములైనవారు ఆ సంఘములోనే ఉన్నారు. మరి వారెందుకు నోరు విప్పరు? ఈ నెల పాఠములో ఈ సంగతిని మనము ధ్యానించుదము.

1. మామ చెప్పిన ఆలోచన

మోషే ఉదయము మొదలుకొని సాయంకాలము వరకు ఒంటరిగా కూర్చుండి ప్రజల వ్యాజ్యెములు తీర్చుచుండెను. ప్రజలు ఆయనయెదుట నిలిచియుండిరి. మామయైన యిత్రో అది చూచి, నీవు చేయు పద్ధతి మంచిది కాదనెను. మోషే మాత్రమే కాదు, ప్రజలును నలిగిపోవుదురని ఆయన చెప్పుటను గమనించుడి. కాపరి అలసిపోవుట అందరికి కనబడును. కనిపెట్టి కనిపెట్టి సంఘము అలసిపోవుట ఎవరికిని కనబడదు.

యిత్రో చెప్పిన క్రమమును కూడ చూడుడి. 20వ వచనములో ప్రజలకు దేవుని కట్టడలు బోధింపుమనెను. 21వ వచనములో వారిలోనుండి మనుష్యులను ఏర్పరచుకొనుమనెను. బోధ ముందు, నియామకము తరువాత. మన సంఘములలో పెద్దలను ఎన్నుకొన్న దినమున దండ వేయుదుము గాని, ఎన్నిక మునుపు వారికేమి నేర్పితిమని అడుగము. యిత్రో అడిగిన గుణములు నాలుగు: సామర్థ్యము, దైవభక్తి, సత్యాసక్తి, లంచమునకు లొంగని మనస్సు. ఎన్ని ఎకరముల పొలమున్నదని గాని, ఏ ఇంటి పేరువాడని గాని ఆయన అడుగలేదు.

2. గుడారములు కుట్టువారి ఇంట

అకుల, ప్రిస్కిల్ల అను దంపతులు గుడారములు కుట్టి బ్రదుకువారు. అపొల్లో అలెక్సంద్రియ పట్టణస్థుడు, లేఖనములయందు ప్రవీణుడు, మంచి వక్త. అయితే అతనికి యోహాను బాప్తిస్మము మట్టుకే తెలిసియుండెను. ఆ దంపతులు అతని ప్రసంగము విని, నలుగురిలో లేచి తప్పు పట్టలేదు. తమయొద్దకు చేర్చుకొని దేవుని మార్గమును పూర్తిగా విశదపరచిరి. పిమ్మట అతడు అకయలో విశ్వాసులకు ఎంతో సహాయము చేసెను.

ఇందులో మనకు మూడు సంగతులున్నవి. కాయకష్టము చేయువారు పండితునికి నేర్పగలిగిరి. పురుషునితో పాటు స్త్రీయు నేర్పెను. సరిదిద్దుట ఇంటిలో, ప్రేమతో జరిగెను. మొదటిసారి వాక్యము చెప్పిన యౌవనస్థుని గుడి గుమ్మములోనే నవ్వినయెడల అతడు మరల నిలువబడడు.

3. మన తెలుగు సంఘముల ఆరంభము

ఇది పరదేశపు సంగతి కాదు. తాళ్ళకొండపాడుకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్యగారు తోళ్ళ వ్యాపారము చేయువారు. ఆయన 1866లో బాప్తిస్మము పొందెను. అప్పటికి రామాయపట్నము సెమినరీ ఇంకను లేదు. అయినను తాను ఎరిగిన ప్రభువును గూర్చి తనవారికి చెప్పుచుండెను. 1867 జనవరి 1న ఒంగోలు సంఘము ఏర్పడినప్పుడు సభ్యులు 8 మంది మాత్రమే. ఆ నెలలోనే మిషనరీ జాన్ క్లౌగారు పేరయ్యగారి ఊరికి వెళ్ళగా 28 మంది బాప్తిస్మము పొందిరి. మిషనరీ వచ్చువరకు పేరయ్యగారు నోరు మూసికొని యున్నయెడల అచ్చట కోయుటకు పంట యుండెడిదా?

1876-78 సంవత్సరముల గొప్ప కరవు గడిచిన పిమ్మట, 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరని మనలో అనేకులు వినియున్నారు. ఆ దినమున బాప్తిస్మమిచ్చినది క్లౌగారు కాదు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా నీటిలో నిలిచి ఇచ్చిరి. జనము వచ్చిన దినమున వెదకినయెడల ఆ ఆరుగురు దొరకియుండరు. జనము రాకమునుపే వారు సిద్ధపరచబడిరి.

4. నాలుగు తరములు

పౌలు తిమోతికి వ్రాసిన ఆ ఒక్క వచనములో నాలుగు తరములవారున్నారు: పౌలు, తిమోతి, నమ్మకమైనవారు, వారివలన నేర్చుకొను ఇతరులు. మూడవ తరములో ఆగినయెడల నాలుగవది లేదు. మనము విన్న వాక్యము మనయొద్దనే ఆగిపోయినయెడల మన పిల్లల పిల్లలకు ఎవరు చెప్పుదురు?

మన బాప్టిస్టు సంఘములకు ఇది మరింత అవసరము. మన సంఘములో పైనున్న అధికారి ఆజ్ఞతో కార్యములు జరుగవు. సభ్యులందరు కూడి ప్రార్థించి నిర్ణయింతురు. సభ్యులు వాక్యము నేర్వనివారైనయెడల, ఎవరి గొంతు పెద్దదో వారి మాటే నెగ్గును. సంఘములో కక్షలు పుట్టుటకు ఇది ఒక కారణము.

5. మనము చేయవలసినది

మొదట, ప్రార్థించి ముగ్గురు నలుగురిని ఏర్పరచుకొందము. చిన్న పనిలో నమ్మకముగా ఉన్నవారిని చూడవలెను. గుడి ఊడ్చు సహోదరి, రోగులను తప్పక చూచివచ్చు సహోదరుడు మన కంటికి ఆనవలెను.

రెండవది, వారము వారము ఒక రాత్రి, కూలిపనులనుండి వచ్చి అన్నము తిన్న తరువాత, ఒక గంట కూర్చుందము. రానున్న ఆదివారపు పాఠమును చదివి, ఇందులో దేవుని గూర్చి ఏమున్నది, మనము ఏమి చేయవలెను అను రెండు ప్రశ్నలు వేసికొందము.

మూడవది, పని అప్పగింపవలెను. మొదటి నెల లేఖన పఠనము. తరువాత ఆదివారపు పాఠశాలలో చిన్నపిల్లలకు ఒక కథ. ఆ తరువాత ఇంటి కూటములో పది నిమిషముల మాట. మొదట కాపరి చేయగా వారు చూతురు. పిమ్మట వారు చేయగా కాపరి చూచును. తుదకు కాపరి లేకయే చేయుదురు. ఈత గట్టున నేర్పబడదు.

చదువు రానివారి మాటేమని కొందరడుగుదురు. చదువగల యౌవనస్థుని, అనుభవముగల వృద్ధురాలిని జతపరచుడి. అతడు చదువును, ఆమె తన జీవితములో దేవుడు చేసినది చెప్పును. ఇద్దరును నేర్చుకొందురు.

ఫోనులో గొప్ప ప్రసంగములు వినబడుచుండగా ఈ శ్రమ ఏలయని మరికొందరందురు. ఆ ప్రసంగీకుడు మీ ఊరివాడు కాడు. మీ బిడ్డ జ్వరముతో నున్న రాత్రి అతడు మీ గడపలోనికి రాడు. మీ ప్రశ్న అతనికి వినబడదు.

ఇతరులు బోధించినయెడల కాపరి గౌరవము తగ్గునని భయపడువారును కలరు. కాపరులమైన మేము ఈ మాట స్పష్టముగా చెప్పవలసియున్నది: ఎఫెసీ. 4:11, 12 ప్రకారము పరిశుద్ధులను పరిచర్యకు సిద్ధపరచుటకే మేము ఇయ్యబడితిమి. మేము బదిలీయై వెళ్ళిన దినమున గుడి తలుపులు తెరచియుండుటయే మా పనికి సాక్ష్యము.

ప్రభువు మన ప్రతి గ్రామములోను నమ్మకమైన బోధకులను లేపును గాక. ఆమెన్.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. కాపరి రాని ఆదివారమున మన సంఘములో వాక్యము చెప్పగలవారెవరు?
2. యిత్రో చెప్పిన నాలుగు గుణములలో మనము పెద్దలను ఎన్నుకొనునప్పుడు దేనిని మరచుచున్నాము?
3. ఈ నెలలో నీవు ఎవరికి, ఏమి నేర్పుదువు?