ఏ ప్రేమకథని నవల చెయ్యాలి?

మన క్లబ్బులో నవల రాద్దామనుకునేవాళ్లకి కథలు దొరక్క ఇబ్బంది లేదు, ఎక్కువై ఇబ్బంది. ఎవరి ఫోన్ తీసి చూసినా నోట్స్‌లో నాలుగైదు ఐడియాలు సగం సగం రాసి కనిపిస్తాయి. నా దగ్గర మూడున్నాయి. మూడూ ప్రేమకథలే, మూడింట్లోనూ హీరోకి గానీ హీరోయిన్‌కి గానీ ఇరవై దాటలేదు. నవలంటే ఎంత లేదన్నా ఒక ఏడాది పని. ఇంటర్నల్స్, ల్యాబ్ రికార్డులు పోగా మిగిలే టైమంతా దానికే పోతుంది. కాబట్టి ఏది రాయాలో రాయడానికి ముందే తేల్చుకోవాలి. నేను ఎలా తేల్చుకున్నానో చెప్తాను. మీ ఐడియాలకీ పనికొస్తుందేమో చూడండి.

ఇంగ్లీషులో టీనేజీ పాఠకుల కోసం రాసే పుస్తకాలని 'యంగ్ అడల్ట్' అంటారు. ఎస్.ఇ. హింటన్ 'ది అవుట్‌సైడర్స్' 1967లో వచ్చినప్పుడు ఆ రచయిత్రికి 18 ఏళ్లు. స్కూల్లో ఉండగానే రాయడం మొదలుపెట్టింది. మన వయసు మనకి అడ్డం కాదని చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు. తెలుగు పుస్తకాల షాపుల్లో మాత్రం ఈ పేరుతో విడిగా ఒక అర నేను చూడలేదు. మన వయసు ప్రేమలు మనకి సినిమాల్లోనే ఎక్కువ దొరికాయి. 2007లో 'హ్యాపీ డేస్', 2020లో 'కలర్ ఫోటో', 2021లో 'ఉప్పెన'. నవలలో ఆ చోటు ఇంకా ఖాళీగానే ఉంది.

ఇవీ నా మూడు ఐడియాలు

ఒకటోది 'ర్యాంకు'. విజయవాడలో ఒక కార్పొరేట్ జూనియర్ కాలేజీ. అబ్బాయిల క్యాంపస్ వేరు, అమ్మాయిల క్యాంపస్ వేరు. వారం వారం గోడకి అంటించే మార్కుల లిస్టులో ఒకరి పేరు కింద ఒకరి పేరు. మొహాలు చూసుకోకుండానే పోటీ, ఆ పోటీ మీద ఇష్టం.

రెండోది 'రైలుబస్సు'. మా రామచంద్రపురం మీదుగా కాకినాడ నుంచి కోటిపల్లి వెళ్లే రైలు లైనుంది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పట్టాలు పీకేశారు, మళ్లీ 2004లో రైలు తిరిగింది. ఒకటే పెట్టె ఉండే రైలుబస్సు చేల మధ్య నుంచి ద్రాక్షారామం మీదుగా గోదావరి ఒడ్డుకి వెళ్లేది. రోజూ అందులో ఎక్కే ఒక అమ్మాయి, ఒక అబ్బాయి.

మూడోది 'కౌలు'. రామచంద్రపురానికీ ద్రాక్షారామానికీ మధ్య ఒక ఊరు. ప్రసన్న నాన్నగారికి నాలుగెకరాల పొలం ఉంది. దాన్ని కౌలుకి చేస్తున్నది సత్తిబాబు. ఆయన కొడుకు వీరబాబు. ప్రసన్నకి 18, కాకినాడలో బీటెక్ మొదటి సంవత్సరం. వీరబాబుకి 19, పొద్దున డిగ్రీ కాలేజీ, సాయంత్రం పొలం.

స్నేహితులకి చెప్తే అందరూ రైలుబస్సుకే ఓటేశారు. కవర్ పేజీ కూడా కళ్ల ముందు కనిపిస్తోందన్నారు. నాకూ కనిపించింది. అయినా మూడింటినీ అవే ప్రశ్నలు అడిగి చూశాను.

మొదటి ప్రశ్న: అడ్డు ఎక్కడుంది?

ప్రేమకథలో ఇద్దరూ కలవకుండా ఆపేది ఏదో ఒకటి ఉండాలి. అది బయట మాత్రమే ఉంటే కథ తొందరగా అలిసిపోతుంది. మన పాత నవలలు చూడండి. అడివి బాపిరాజు 'నారాయణరావు'కి 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమతి వచ్చింది, విశ్వనాథ 'వేయిపడగలు'తో కలిపి. అందులో హీరోది మాకు గోదావరి పాయ అవతల ఉన్న కొత్తపేట. అతనికీ జమీందారు కూతురు శారదకీ కథ మొదట్లోనే పెళ్లైపోతుంది. అడ్డు ఆ అమ్మాయి మనసులో ఉంది, పెళ్లి దాన్ని తీసెయ్యలేదు. యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ'లో జయంతిని రాజశేఖరానికి దూరంగా ఉంచేది ఎవరో విలన్ కాదు, ఆమె ఆత్మాభిమానమే. అందుకే ఆ నవలని అంతమంది అన్నేళ్లు చదివారు. బయటి గోడ కూలితే కథ అయిపోతుంది. లోపలి గోడ అలా ఒక్కసారిగా కూలదు.

'ర్యాంకు'లో అడ్డంతా వార్డెన్ దగ్గరుంది. 'రైలుబస్సు'లో అసలు అడ్డే లేదు, కిటికీ లోంచి వచ్చే గాలి తప్ప. 'కౌలు'లో అడ్డు ఇద్దరి నోట్లోనూ ఉంది. ఎలాగో తర్వాత చెప్తాను.

రెండో ప్రశ్న: ఒక్క మెసేజ్‌తో తేలిపోతుందా?

మన కాలం ప్రేమకథకి పెద్ద శత్రువు ఫోను. పాత కథల్లో ఉత్తరం చేరకపోతే మూడొందల పేజీలు నడిచేది. ఇప్పుడు 'నువ్వనుకున్నది కాదు, అసలు జరిగింది ఇది' అని ఒక మెసేజ్ పెడితే అయిపోతుంది. అలా తేలిపోయేది కథానికకి సరిపోతుంది, నవలకి చాలదు. 'ర్యాంకు'లో పరీక్షలయ్యి ఫోన్ చేతికొచ్చిన రోజున కథ ముగుస్తుంది. 'రైలుబస్సు'లో నంబరు అడిగితే ముగుస్తుంది. 'కౌలు'లో మొదటి పేజీ నుంచే ఇద్దరి దగ్గరా ఫోన్లున్నాయి, రాత్రంతా మాట్లాడుకుంటారు కూడా. తెల్లారేసరికి సమస్య ఉన్నచోటే ఉంటుంది.

మూడో ప్రశ్న: బయటపడితే పోయేదేంటి, ఎవరికి ఎక్కువ?

'ఇంట్లో ఒప్పుకోరు' అని రాసి వదిలేస్తే చాలదు. ఎందుకు ఒప్పుకోరు? మన కథల్లో ఈ మాట తర్వాత కులం పేరు రాదు, వాన వస్తుంది, లేదంటే పాట వస్తుంది. 2018లో మిర్యాలగూడలో ప్రణయ్‌ని ఎందుకు చంపారో మనందరికీ తెలుసు. అది తెలిసిన పాఠకుడి ముందు కారణం దాచి రాస్తే వాడు నమ్మడు.

'కౌలు'లో పోయేవి ఇద్దరికీ సమానం కాదు. బయటపడితే ప్రసన్నకి తిట్లు పడతాయి, మహా అయితే కాలేజీ మాన్పిస్తారు. వీరబాబు ఇంటికి మాత్రం నాలుగెకరాలు పోతాయి, అంటే తిండే పోతుంది. అతను ఆమెని ప్రేమిస్తున్నానని చెప్పేముందు తండ్రి గురించి ఆలోచించాలి. ఆమె అంత ఆలోచించక్కర్లేదు. ఆ తేడా ఆమెకి ఎప్పుడు అర్థమవుతుందన్నదే నవలంతా.

నాలుగో ప్రశ్న: ఈ వయసులో వాళ్లు ఏం నిర్ణయించగలరు?

ఇది మన వయసు కథలకే ప్రత్యేకం. పెళ్లికి చట్టం చెప్పే వయసు అమ్మాయికి 18, అబ్బాయికి 21. పోక్సో చట్టం, 2012 ప్రకారం 18 లోపు ఎవరైనా చట్టం దృష్టిలో పిల్లలే, వాళ్ల ఇష్టం లెక్కలోకి రాదు. ఇంటర్ అమ్మాయిని హీరోయిన్‌గా పెట్టి లేచిపోవడాన్ని హీరోయిజంగా రాసేముందు ఇది గుర్తుండాలి. వీరబాబుకి 19 కాబట్టి చివరి పేజీలో పెళ్లి పెట్టలేను. మొదట చిక్కనిపించింది గానీ నిజానికి అది మేలే చేసింది. పెళ్లీ లేదు, చావూ లేదు అన్నాక చివర్లో మిగిలేది వాళ్లు తీసుకునే నిర్ణయం ఒక్కటే.

ఐదో ప్రశ్న: ఊరు మార్చితే ఏమవుతుంది?

కథని తీసుకెళ్లి గచ్చిబౌలిలో పెట్టి చూడండి. ఏమీ మారకపోతే ఊరు గోడకి తగిలించిన క్యాలెండర్ బొమ్మ లాంటిది. 'రైలుబస్సు'ని ఎంఎంటీఎస్ రైలెక్కించినా అదే కథ, కొబ్బరిచెట్లు మాత్రం పోతాయి. మా పక్కనున్న పసలపూడిని వంశీ కథల్లో అందరికీ తెలిసేలా చేశాడు. అందులో ఊరు బొమ్మ కాదు. మనుషుల తిండి, పని, వరసలు అన్నీ ఆ ఊరివే.

'కౌలు' గచ్చిబౌలికి రాదు. ఎందుకంటే దాని ముడి ఇక్కడి పొలంలో ఉంది. 2019లో మన రాష్ట్రంలో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం కౌలు కార్డు కావాలంటే భూయజమాని 11 నెలల ఒప్పందం మీద సంతకం పెట్టాలి. పంట రుణమైనా, బీమా అయినా, నష్టపరిహారమైనా ఆ కార్డు ఉంటేనే కౌలురైతు పేరు మీద వస్తుంది. యజమాని హక్కుకి ఏమీ కాదని చట్టమే చెప్తోంది, అయినా సంతకం పెడితే భూమి చేజారుతుందేమోనని చాలామందికి భయం. ప్రసన్న నాన్నగారికీ అదే భయం. ఆయన చెడ్డవాడు కాదు. సత్తిబాబు ఆస్పత్రి పాలైతే కారులో తీసుకెళ్లిన మనిషి. సంతకం మాత్రం పెట్టడు.

ఇక్కడ నాకొక సదుపాయం దొరికింది. 11 నెలల ఒప్పందం అంటే నవలకి గడియారం. సార్వా ఆకుమడులతో మొదలవుతుంది. ఊడ్పులు, కలుపులు, కోతల ముందు తుఫాను. పనలు నీళ్లలో తేలతాయి. కార్డు లేదు కాబట్టి నష్టపరిహారం ప్రసన్న నాన్నగారి ఖాతాలో పడుతుంది. ఆ మెసేజ్ ఆయన ఫోన్లో మొదట చూసేది ప్రసన్న. తర్వాత సంక్రాంతి, దాళ్వా, వేసవిలో కాలువలు కట్టేసే రోజులు. పది నిమిషాల్లో పది సీన్లు రాయగలిగితే ఆ ఐడియాలో నవలకి సరిపడా ఊపిరి ఉన్నట్టు. 'కౌలు'కి పద్నాలుగు వచ్చాయి, 'రైలుబస్సు'కి నాలుగు. ఆ నాలుగింట్లో మూడు సూర్యాస్తమయాలే.

పిలుపులో ఉన్న కథ

అడ్డు ఇద్దరి నోట్లోనూ ఉందన్నాను కదా. ప్రసన్న యాభై ఏళ్ల సత్తిబాబుని 'సత్తిబాబూ' అనే పిలుస్తుంది. చిన్నప్పటి నుంచీ ఇంట్లో అందరూ అలాగే పిలుస్తారు. ఆయన ఆమెని 'పాపగారండీ' అంటాడు. వీరబాబు ఆమెని 'మీరు' అంటాడు, ఆమె అతన్ని 'నువ్వు' అంటుంది. ఇద్దరూ ఒకే క్లాసులో ఇంటర్ చదివారు, అయినా అంతే. కాలేజీలో ఫ్రెండ్స్ ముందు మాత్రం 'నువ్వు' అని, ఊళ్లో బస్సు దిగగానే మళ్లీ 'మీరు'. కులం పేరు ఒకసారి చెప్తే చాలు, మిగతాదంతా ఈ పిలుపులే చెప్తాయి. ఇంగ్లీషులో రాసేవాళ్లకి ఈ సౌకర్యం లేదు, వాళ్లకి అందరూ 'యూ'నే.

నవల మధ్యలో ప్రసన్న మొదటిసారి సత్తిబాబుని 'బాబాయ్' అంటుంది. ఆయన సంతోషపడడు, భయపడతాడు. 'అలా పిలవకండి పాపగారండీ, ఎవరైనా వింటారు' అంటాడు. నాకీ సీను తట్టాక ఇక ఏది రాయాలన్న సందేహం మిగల్లేదు.

'ఇది ఉప్పెనే కదా' అని ఇప్పటికే ఒకరు అడిగారు. పేదింటి అబ్బాయి, పెద్దింటి అమ్మాయి అన్నంతవరకు నిజమే. అక్కడ అడ్డు తండ్రి క్రూరత్వం. ఇక్కడ తండ్రి మంచివాడు, ఆ మంచితనానికి ఒక హద్దుంది. కూతురు ఆ హద్దు చూస్తుంది. పైగా సంతకం ఆమె అడిగి పెట్టిస్తే వీరబాబు ఆమెకి రుణపడతాడు. రుణపడ్డవాడు 'నువ్వు' అనగలడా? అడక్కపోతే ఆమె ప్రేమకి అర్థమేంటి? ఏది చేసినా ఏదో ఒకటి పోతుంది. ఒక ఏడాది కూర్చుని రాయడానికి ఈ చిక్కు సరిపోతుంది.

ఇక మీ వంతు. మీ ఐడియాలు ఒక్కోదాన్నీ నాలుగు వాక్యాల్లో రాయండి. ఐదు ప్రశ్నలూ అడగండి. తర్వాత ఇద్దరూ మొదటి అధ్యాయంలో ఒకర్నొకరు ఏమని పిలుచుకుంటారో, చివరి అధ్యాయంలో ఏమని పిలుచుకుంటారో పక్కపక్కన రాసి చూడండి. రెండూ ఒకటే అయితే ఆ ఐడియాని కథానికకి ఉంచండి. వేరైతే, ఆ మార్పు ఎందుకొచ్చిందో మీకు చెప్పాలనిపిస్తే, ఈ సెలవుల్లో మొదటి అధ్యాయం రాసి క్లబ్బుకి తీసుకురండి. నేనూ 'కౌలు' మొదటి అధ్యాయం తెస్తాను. ఆకుమడి గట్టు మీద ప్రసన్న 'సత్తిబాబూ, వీరబాబేడీ?' అని అడగడంతో మొదలవుతుంది.