షెవెల్‌కి పుట్టుకతో వచ్చిన ఇంజిన్ ఏది? కాగితాలు చూసి కనుక్కోవడం ఎలా?

మన ఆర్‌సీలో ఛాసిస్ నంబరుతో పాటు ఇంజిన్ నంబరూ ఉంటుంది. అమెరికాలో కారు ఎవరిదో చెప్పే టైటిల్ కాగితంలో మామూలుగా విన్ (వాహన గుర్తింపు నంబరు) ఒక్కటే ఉంటుంది. కాబట్టి అక్కడ ఉంటూ 1970 షెవర్లే షెవెల్ ఎస్‌ఎస్ లాంటి మజిల్ కారు మీద మనసుపడ్డ మనవాళ్ళు టైటిల్ చూసి ఇంజిన్ సంగతి తేల్చుకోలేరు. 450 హార్స్‌పవర్ ఎల్‌ఎస్6 ఇంజిన్‌తో ఫ్యాక్టరీ గేటు దాటిన బండి ధర వేరు, తర్వాత ఎవరో అదే రకం ఇంజిన్ తెచ్చి బిగించిన బండి ధర వేరు.

మొదట విన్ చదవండి. డాష్‌బోర్డు మీద డ్రైవర్ వైపు, ముందు అద్దంలోంచి కనిపించే పలక మీద ఉంటుంది. టైటిల్‌లో ఉన్న నంబరుతో పొల్లుపోకుండా కలవాలి. 13637 అని మొదలైతే అది వి8 మాలిబు, రెండు తలుపుల హార్డ్‌టాప్. తర్వాతి 0 అంటే 1970, ఆ పక్కది ఫ్యాక్టరీ గుర్తు. 13537 అని ఉంటే ఆరు సిలిండర్ల బండి. దాన్ని ఎల్‌ఎస్6 అని అమ్మజూపితే అక్కడే దండం పెట్టి వచ్చేయండి. వి8 అని చెప్పాక విన్ ఇక నోరు విప్పదు. లోపల 307 క్యూబిక్ అంగుళాల ఇంజిన్ ఉందో 454 ఉందో చెప్పదు, ఎస్‌ఎస్ అని కూడా చెప్పదు. ఆ ఏడాది ఎస్‌ఎస్ ఒక ఆప్షన్ ప్యాకేజీ మాత్రమే. బ్యాడ్జీలంటారా, ఎవరైనా కొని తగిలించుకోవచ్చు.

ఈ విషయంలో ఫోర్డ్, క్రైస్లర్ కార్లతో పని సులువు. వాటి విన్‌లో ఐదో అక్షరమే ఇంజిన్ గుర్తు. 1970 డాడ్జ్ ఛార్జర్‌లో అది ‘ఆర్’ అయితే 426 హెమి. 1969 మస్టాంగ్‌లో ‘జెడ్’ అయితే బాస్ 429.

షెవెల్‌కి అసలు సాక్ష్యం బిల్డ్ షీట్. ఏ బండికి ఏం బిగించాలో పనివాళ్ళకి చెప్పడానికి ఫ్యాక్టరీలో వాడిన కాగితం ఇది. పెట్రోలు ట్యాంకు పైన, సీటు స్ప్రింగుల్లో, కార్పెట్ కింద వెతకండి. దొరికితే చింపకుండా మెల్లగా తీయండి. ఇంజిన్ గడి కంటే ముందు దాని మీది విన్ చూడండి, ఎందుకంటే వేరే బండి షీటు ఇందులో దొరకడం కొత్తేమీ కాదు. ఇంజిన్ కోడ్ సీఆర్‌వీ అయితే మాన్యువల్ గేర్ల ఎల్‌ఎస్6, సీఆర్‌ఆర్ అయితే ఆటోమేటిక్ ఎల్‌ఎస్6.

తర్వాత వారంటీ పుస్తకం అడగండి. అందులో ప్రొటెక్ట్-ఓ-ప్లేట్ అనే చిన్న లోహపు పలక ఉంటుంది. దాని మీద విన్, ఇంజిన్ కోడ్ ఉబ్బెత్తు అక్షరాల్లో ఉంటాయి. ‘టీ0212సీఆర్‌వీ’ అని ఉంటే టొనవాండా ప్లాంటులో ఫిబ్రవరి 12న తయారైన ఇంజిన్ అన్నమాట. బానెట్ కింద బాడీ ట్యాగ్ మీద ‘03బీ’ ఉంటే బాడీ మార్చి రెండో వారానిది. ఈ రెండూ పొసుగుతాయి. అదే బాడీకి ఏప్రిల్ ఇంజిన్ చూపిస్తే అది తర్వాత వచ్చిచేరిందే.

కాగితాలేవీ మిగలకపోతే? కెనడాలో అమ్ముడైన బండి అయితే జీఎం కెనడా రికార్డులున్నాయి. పాంటియాక్‌కి పీహెచ్‌ఎస్ అనే సంస్థ రికార్డులు, ఫోర్డ్‌కి మార్టి రిపోర్ట్ ఉన్నాయి. అమెరికాలో అమ్ముడైన షెవెల్‌కి అలాంటి ఆధారం లేదు.

ఏ ఇంజిన్‌తో వచ్చిందో కాగితం చెబుతుంది, ఇప్పుడున్నది అదేనా అన్నది బ్లాకే చెప్పాలి. ప్రయాణికుడి వైపు సిలిండర్ హెడ్ ముందు చదునైన చోట అదే కోడ్, విన్‌లో కొంత భాగం చెక్కి ఉంటాయి. అక్కడ ఫ్యాక్టరీ యంత్రం వదిలిన సన్నటి గీతలు మాయమై నున్నగా ఉంటే నంబరు మళ్ళీ కొట్టారని అనుమానించండి. నకిలీ బిల్డ్ షీట్లూ తయారవుతుంటాయి కాబట్టి ఫోటోలు చూసి అడ్వాన్సు ఇవ్వకండి, అసలు కాగితం చేత్తో పట్టుకుని చూశాకే బేరం మొదలుపెట్టండి.