కూరేశుల ధైర్యము

శరణాగతుడు చేయవలసినదేమియు లేదనియు, వచ్చిన కష్టము నోర్చుకొని ఊరకుండుటయే భక్తిలక్షణమనియు కొందరు తలంతురు. ఈ తలంపు సరికాదని చూపుటకు శ్రీవత్సాంకమిశ్రులను నామాంతరము గల కూరేశుల చరితము చాలును.

కాంచీపుర సమీపమునందలి కూరమను గ్రామమున సంపన్న కుటుంబమున జనించిన ఈ మహనీయులు సర్వస్వమును విడిచి శ్రీరంగమునకేగి భగవద్రామానుజుల నాశ్రయించిరి. ఆచార్యులను పట్టి తెమ్మని చోళరాజు భటులను పంపినపుడు, తామే కాషాయమును త్రిదండమును ధరించి గురువునకు బదులుగా వెడలిరి. ఆ సభలో నేత్రములను కోల్పోయిరి. తోడ వెళ్ళిన మహాపూర్ణులకును అదే గతి పట్టెను. ఆ వృద్ధులు శ్రీరంగము చేరకయే త్రోవలో పరమపదించిరి. ఇంతవరకు మన పాఠకులెరిగిన కథయే. గమనింపవలసినది తరువాతి భాగము.

చూపు పోయిన కూరేశులు శ్రీరంగమునకు మరలి వచ్చి ఆలయద్వారము కడ నిలిచిరి. రామానుజ సంబంధము గలవారిని లోనికి విడువరాదని కట్టడి. కావలివారిలో నొకడు అడ్డగింపగా, వేరొకడు ఈయన సద్గుణవంతుడు గావున పోనిమ్మనెను. లోపల స్వామి, వెలుపల అంధుడు. ఎవరైనను ఆ దయను స్వీకరింతురు. కూరేశులు స్వీకరింపలేదు. తమ గుణములను చూచి, ఆచార్యసంబంధమును ప్రక్కకు నెట్టి లోనికి పంపుదురేని ఆ ప్రవేశము తమకు వలదని వెనుదిరిగిరి.

పిమ్మట కుటుంబముతో మధుర చేరువనున్న తిరుమాలిరుంజోలైకి తరలిరి. అచ్చటనే సుందరబాహుస్తవము వెలసినది. 100కు మించిన శ్లోకములలో అళగరు స్వామి దివ్యాంగ సౌందర్యమును చూపులేని కవి వర్ణించెను! పంచస్తవములు వల్లించు విద్యార్థులు ఛందస్సును చూచుకొని ఈ సంగతిని మరచుట కద్దు. స్తవాంతమున ఆయన కోరినది తమ చూపును కాదు; శ్రీరంగమున పూర్వమువలె రామానుజుల యధీనమున మెలగు భాగ్యము.

ఇక మన యిండ్ల సంగతి. పెద్దవారికి చూపు పోయినను, పక్షవాతము వచ్చినను, ప్రేమతోనే తాళపుచెవులు తీసికొందుము, ఆరాధన మాన్పింతుము, ప్రయాణము గూర్చి వారిని అడుగుటయు మానుదుము. అది సేవ యని భావింతుము. నా మట్టుకు నాకు అది రెండవ దెబ్బగా తోచును. మనుమడు తులసి అందించుచుండగా తాత మంత్రము చెప్పరాదా? వలదని చెప్పు హక్కునైనను వారికి మిగుల్పవలదా? కూరేశులను చేయిపట్టి నడిపించినవారు ఎచ్చటికి నడువవలెనో వారినే అడిగిరి.

పండ్రెండేండ్లకు ఆచార్యులు మేలుకోట నుండి మరలి వచ్చిరి. శిష్యుని దుఃస్థితికి కరగి, కాంచీ వరదరాజస్వామిని స్తుతించి కన్నులు వేడుమని నియమించిరి. కూరేశులు వరదరాజస్తవము రచించి స్వామి సన్నిధిని విన్నవించిరి. వరమడుగవలసిన సమయమున, తమ కన్నులు పోవుటకు కారకుడైన నాలూరానునికి తమతోపాటు సద్గతి కలుగవలెనని అడిగిరి. ఆ మాట విని ఆచార్యులు మొదట నొచ్చుకొనిరట.