దూది పట్టుకుంటుంది, వదలదు

పల్నాడులో పత్తి తీసే రోజులు. మాచర్ల దగ్గర ఒక ఊళ్లో ఒక కోడలు కూలికి వెళ్లింది. అరికాల్లో ముల్లు విరిగింది. పసుపు అద్దింది. అంగట్లో బిళ్లలు కొని వేసుకుంది. నాలుగు రోజులకు కాలు వాచింది. చీము పట్టింది. జ్వరం వచ్చింది.

అత్త ఆమెను నరసరావుపేటలో ఆసుపత్రికి తీసుకువెళ్లింది. ముందు ధనుర్వాతం సూది వేశారు.

"చీము పరీక్షకు పంపుదాం. ఏ సూక్ష్మక్రిమి చేరిందో, దానికి ఏ మందు పనిచేస్తుందో తెలుస్తుంది" అన్నారు డాక్టరు గారు.

అత్త కొంగుముడి విప్పి దూది తీసింది.

"మా చేలో దూదేనమ్మా. దీంతో తుడిచి పంపు" అంది నర్సమ్మతో.

"ఆ దూదిలో ముందే వేరే క్రిములు ఉంటాయి పెద్దమ్మా. ఏది పుండుదో, ఏది దూదిదో తెలియదు. ఇంకో సంగతి. దీపం వత్తి నూనె పీలుస్తుంది కదా. పిండితే నూనె అంతా తిరిగి వస్తుందా?"

"ఎక్కడొస్తుంది? కొంత అందులోనే ఉండిపోతుంది."

"క్రిములూ అంతే. శుభ్రం చేసిన దూది పుల్లలతో కూడా పరీక్షలు చేస్తారు. కానీ కొన్ని క్రిములు పోగుల మధ్య చిక్కుకుంటాయి. బయటికి రావు. అసలే తక్కువ ఉంటే, లేవని కాగితం వస్తుంది. రోగం మాత్రం లోపల పెరుగుతుంది."

నర్సమ్మ ఒక పుల్ల చూపించింది.

"ఇది నైలాను. పోగులు చుట్టలేదు. మఖమల్ గుడ్డ నూగులాగా నిలబెట్టారు. క్రిములు పైపైనే అంటుకుంటాయి. తడిలో కదిపితే వదిలేస్తాయి. 2020లో కరోనా పరీక్షకు ముక్కులో పెట్టిన పుల్లలు కూడా దూదివి కావు. నైలాను, పాలిస్టరు పోగులవి."

నర్సమ్మ పుండును ఉప్పునీటి సెలైనుతో కడిగింది. పుల్లను పుండు మీద నొక్కి తిప్పింది. గొట్టంలో పెట్టి మూత బిగించింది.

"ఎండితే క్రిములు చస్తాయి. అందుకే గొట్టంలో తడి పదార్థం ఉంటుంది. ఇప్పటిదాకా ఏం మందులు వాడావమ్మా?"

కోడలు బిళ్లల సంగతి చెప్పింది. నర్సమ్మ చీటీ మీద రాసింది. కోడలు ఆ చీటీ కూడబలుక్కుని చదివింది. తన పేరు, ఊరు సరిగానే ఉన్నాయి.

మూడో రోజు కాగితం వచ్చింది. క్రిమి దొరికింది. డాక్టరు గారు మందు మార్చారు. కాలు నయమైంది.

గుర్తుంచుకోండి:

పుండు మీద చేలో దూది, పాత గుడ్డ పెట్టవద్దు.
ముందు వాడిన మందుల పేర్లు చెప్పండి. మందు వాడితే క్రిమి దొరకకపోవచ్చు.
గొట్టం మీద మీ పేరు చదివి చూసుకోండి.

ఆలోచించండి: దూది పుల్లకూ నైలాను పుల్లకూ తేడా ఏమిటి?