ఖాళీ రోడ్డున ఎర్రదీపము

పోయిన విద్యాసంవత్సరమున జరిగిన తలిదండ్రుల సమావేశములో ఒక తండ్రిగారు లేచి యొక ప్రశ్న వేసిరి. వారి కుమారుడు పదవ తరగతి ప్రత్యేక పాఠములకై ఉదయము ఆరు గంటలకే సైకిలుపై ఇల్లు విడుచును. ఆ వేళకు వీథిలో నరసంచారము ఉండదు. అయినను కూడలిలో ఎర్రదీపము వెలుగుచునే యుండును. ముందు వెనుక ఎవ్వరును లేని రోడ్డుమీద ఆ పిల్లవాడు ఒంటరిగా నిలిచి దీపమువైపు చూచుచుండవలెనా, లేక అటునిటు చూచుకొని సాగిపోవచ్చునా అని వారు అడిగిరి. సభలో కొందరు నవ్విరి. సమయము చాలనందున అధ్యక్షులు తరువాతి విషయమునకు పోయిరి. కాని అది నవ్వి త్రోసివేయదగిన ప్రశ్న కాదు. దానికి ఈ సంచికలో కొంత విపులముగా సమాధానము వ్రాయుట యుక్తమని తోచినది.

మన పిల్లల కుటుంబములలో అనేకములు హిందూపురము, మదనపల్లె, చిత్తూరు, కర్నూలు ప్రాంతముల నుండి పని వెదకుకొనుచు బెంగుళూరు చేరినవి. పల్లెలో సైకిలు నేర్చిన తండ్రికి సిగ్నలు దీపముతో పనిలేదు. ఎద్దులబండి అడ్డము వచ్చినచో గంట మ్రోగించుట, లారీ వచ్చినచో రోడ్డు దిగి మట్టిలో నిలుచుట, ఇదియే అక్కడి నియమము. ఆ యూరికి ఆ నియమము సరిపోయినది. మదరాసులోని ఎగ్మూరు కూడలిలో 1953లోను, బెంగుళూరు కార్పొరేషను సర్కిలులో 1963లోను సిగ్నలు దీపములు వెలసినవి. నాటినుండి నగరము పెరిగిన కొలది దీపములును పెరిగినవి. ఒక్క మాట ఇక్కడనే చెప్పవలెను. దీపమునకు భాష లేదు. కన్నడ బోర్డు చదువలేని పిల్లవాడును ఎర్రరంగును చదువగలడు. పరభాషా ప్రాంతమున బ్రతుకు మనకు ఇది చిన్న సౌకర్యము కాదు.

ముందుగా సైకిలు పక్షమున చెప్పదగినదంతయు చెప్పుట న్యాయము. సిగ్నలు దీపములు మోటార్ల రద్దీని అదుపు చేయుటకు పుట్టినవేగాని సైకిళ్ళ కొరకు కాదు. పది పదునైదు కిలోల సైకిలు ఎదుటివానికి చేయు హాని కారు చేయు హానితో పోల్చదగినది కాదు. ఆగిన సైకిలును తిరిగి కదలించుటకు పట్టు శ్రమ మోటారు నడుపువారికి తెలియదు. వారు మీట నొక్కుదురు, పిల్లవాడు మోకాళ్ళ బలముతో తొక్కవలెను. పచ్చదీపము వెలిగిన క్షణమున వెనుకనున్న మోటార్లన్నియు హారనులు మ్రోగించుచు ఒక్కసారిగా కదలి సైకిలును రోడ్డు అంచునకు నెట్టును. అంతకుముందే కూడలి దాటిపోయిన వానికి ఆ బాధ తప్పును. ఈ చివరి వాదము నిజముగా బలమైనది. అయితే పాఠకులొక సంగతి గమనింపవలెను. రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు వెనుకనుండి త్రోయు మోటార్లును ఉండవు గదా! కావున ఆ వాదము పగటి రద్దీకి చెందినది. ఆరుగంటల పిల్లవానికి అది వర్తింపదు.

ఇక మిగిలినది ఒక్కటే: "ఎవరును లేరు" అను మాట. ఈ మాటను పరీక్షింపవలెను. రోడ్డు ఖాళీగా ఉన్నది అనగా నాకు ఎవరును కనబడుటలేదు అని మాత్రమే అర్థము. ఈ రెండింటికి మధ్యనున్న దూరమును లెక్కతో కొలువవచ్చును.

మన పెద్ద కూడలులలో అడ్డురోడ్డు వెడల్పు సుమారు 24 మీటర్లు అనుకొందము. ఆగియున్న సైకిలును కదలించి ఆ దూరము దాటుటకు పన్నెండేండ్ల పిల్లవానికి దాదాపు 8 సెకనులు పట్టును. గంటకు 60 కిలోమీటర్ల వేగముతో వచ్చు వాహనము సెకనుకు 16 మీటర్లకు పైగా నడచును. 8 సెకనులలో 133 మీటర్లు. అనగా పిల్లవాడు పెడలు నొక్కిన నిమిషమున అడ్డురోడ్డుపై 133 మీటర్ల దూరమున ఉన్న కారు, వాడు ఆవలి అంచు చేరులోపల ఆ కూడలికి వచ్చి చేరును. అంత దూరము రెండువైపుల నిరాటంకముగా కనబడు కూడలులు మన నగరమున ఎన్ని కలవు? చెట్లు, ఆగిన బస్సులు, ప్రకటన పలకలు, వంపు తిరిగిన రోడ్లు చూపును ఆపును. సౌత్ ఎండ్ సర్కిలు మీదుగా మెట్రో రైలు పోవుచున్నది. దాని స్తంభముల వంటి స్తంభము ఒక్కటి చాలును, వెనుకనున్న స్కూటరు పూర్తిగా మరుగుపడును. అటు డ్రైవరుకు పచ్చదీపము కలదు. ఆగవలసిన అవసరమున్నదని అతడు తలంపడు. ప్రమాదమును గ్రహించి బ్రేకు వేసినను, 60 కిలోమీటర్ల వేగమున పోవు కారు ఎండిన రోడ్డుమీద నిలుచుటకు దాదాపు 40 మీటర్లు కావలెను. వాన తడిసిన రోడ్డయినచో ఇంకను ఎక్కువ.

మరియొక విషయము కలదు. తెల్లవారుజాము ఖాళీవేళ అని మనము అనుకొందుము; లారీవారికి అదియే పనివేళ. పగటిపూట పెద్ద సరకు లారీలు నగరములో తిరుగుటపై నిర్బంధములు ఉన్నందున అవి రాత్రివేళను, వేకువను సంచరించును. కె.ఆర్. మార్కెట్టుకు పూలు, కూరగాయలు మోయు బండ్లు, పాలవ్యానులు, రాత్రి పనిదిగి ఇల్లు చేరు ఉద్యోగుల కార్లు, అన్నియు ఆ గంటలోనే. రోడ్డు ఖాళీగా నుండుటచేత అవి పగటికంటె రెట్టింపు వేగమున వచ్చును. పగలు సిల్కుబోర్డు వద్ద కారు నడచు వేగమున మనిషియు నడవగలడు. వేకువన అదే రోడ్డు వేరొక రోడ్డు. పూర్వము కన్ను మోసగించినను చెవి కాపాడెడిది. ఇప్పుడు విద్యుత్ స్కూటర్లు, విద్యుత్ కార్లు వచ్చినవి. అవి ప్రక్కకు వచ్చువరకు చప్పుడు వినబడదు. ఎదురుదారిన వచ్చు ద్విచక్రవాహనముల సంగతి బెంగుళూరువారికి నేను చెప్పనక్కరలేదు.

పెద్దవాడు చూచి దాటగలిగినను పిల్లవాడు అట్లు దాటగలడా? దీనిపై పరిశోధన జరిగినది. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయమువారు నిజమైన రోడ్డు కాక, తెరలపై కల్పించిన కూడలిలో నిలిపిన సైకిలుపై పది, పన్నెండేండ్ల పిల్లలను, పెద్దలను కూర్చుండబెట్టి, వచ్చుచున్న కార్ల నడుమ సందు చూచి దాటుమనిరి. ఆ ఫలితములు 2004లో ప్రకటింపబడినవి. పిల్లలును పెద్దలును ఎంచుకొన్న సందులు ఒక్కటే. పిల్లలు దుస్సాహసము చేయలేదు. అయినను ఆవలికి చేరునప్పటికి పిల్లలకును కారుకును మధ్య మిగిలిన వ్యవధి పెద్దలకు మిగిలినదానికంటె తక్కువ. కన్ను సరిగానే చూచినది. కాలు కదలుట ఆలస్యమైనది. "మావాడు చురుకైనవాడు, చూచుకొని పోవును" అను తల్లిదండ్రులు ఈ యొక్క ఫలితమును రెండుమారులు చదువవలెనని నా మనవి.

చట్టమేమనుచున్నదని కొందరు అడుగుదురు. 1988 నాటి మోటారు వాహనముల చట్టములో సిగ్నలు పాటింపవలెనను విధి మోటారు వాహనము నడుపువానికి చెప్పబడినది. సైకిలు మోటారు వాహనము కాదు. దానికి నంబరు పలక లేదు. కూడలిలోని కెమెరా దానిని పట్టి ఇంటికి జరిమానా చీటి పంపజాలదు. దీనినిబట్టి సైకిలువానికి చట్టమే లేదని ఒక అపోహ వ్యాపించినది. అది తప్పు. ప్రాణహాని కలుగునట్లు నిర్లక్ష్యముగా ఏ వాహనము నడిపినను శిక్షార్హమని పూర్వపు శిక్షాస్మృతిలోని 279వ సెక్షను చెప్పెను. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహితలో 281వ సెక్షను అదే చెప్పుచున్నది. శిక్ష ఆరు నెలల వరకు జైలు, లేక వేయి రూపాయల వరకు జరిమానా, లేక రెండును. అక్కడ మోటారు అను మాట లేదు. అయితే ఈ చట్టమును చూపి పిల్లలను బెదరింపవలెనని నా యభిప్రాయము కాదు. బెదరించి నేర్పిన పాఠము పోలీసు కనబడని మొదటి కూడలిలోనే మరపునకు వచ్చును.

విదేశములలో సైకిళ్ళకు మినహాయింపు కలదని చదివినవారు చెప్పుదురు. కలదు. అమెరికాలోని ఐడాహో రాష్ట్రమున చట్టము సైకిలువానికి ఎర్రదీపము వద్ద ఆగి, దారి ఇవ్వవలసినవారికి దారి ఇచ్చి, పిమ్మట సాగుటకు అనుమతించినది. ప్యారిసు నగరమున 2012 నుండి కొన్ని కూడలులలో దీపము క్రింద చిన్న గుర్తు అమర్చి, ఆ గుర్తు ఉన్నచోట మాత్రము సైకిళ్ళు పాదచారులకు దారి విడిచి పోవచ్చుననిరి. ఈ రెంటిని జాగ్రత్తగా చూడవలెను. ఐడాహోలో ఎర్రదీపము వద్ద ఆగుట రద్దు కాలేదు. ప్యారిసులో ఏ కూడలి సురక్షితమో అధికారులు చూచి నిర్ణయించిరి. రెండుచోట్లను ఆ మినహాయింపు అందరికిని తెలిసిన బహిరంగ నియమము. కారువాడును దానిని ఎరుగును. మనసులో తనకు తానే ఇచ్చుకొన్న మినహాయింపును అడ్డురోడ్డున వచ్చువాడు ఎట్లు ఎరుగును?

మన నగరమునను ఖాళీరోడ్డుకు తగిన ఏర్పాటు లేకపోలేదు. రాత్రి ప్రొద్దుపోయిన తరువాత అనేక కూడలులలో ఎర్ర, పచ్చ దీపములు ఆపి పసుపుదీపమును మిణుకు మిణుకుమనునట్లు ఉంచుదురు. నెమ్మదించి, చూచుకొని, జాగ్రత్తగా పొమ్మని దాని అర్థము. అనగా ఖాళీ అయినదో లేదో నిర్ణయించుట నాలుగు దారులను ఎరిగినవారి పని. వారు నిర్ణయించి నాలుగువైపులవారికిని ఒక్కమారే తెలియజేయుదురు. తెల్లవారినపిమ్మట ఎర్రదీపము మరల వెలిగినదనిన, వాహనములు రాదొడగినవని వారు చెప్పుచున్నారని గ్రహింపవలెను.

ఇంతవరకు సైకిలువాని ప్రాణమును గూర్చియే వ్రాసితిని. నడచిపోవువారిని మరవరాదు. వాహనములకు ఎర్రదీపము వెలిగిన ఆ కొన్ని సెకనులే ముసలివారికి రోడ్డు దాటుటకు దొరకు వ్యవధి. లాల్‌బాగునకు వేకువ నడకకు పోవు వృద్ధులు, దేవాలయమునకు పోవు ముత్తైదువలు దీపమును నమ్మి అడుగు వేయుదురు. సైకిలు చప్పుడు చేయదు. డెబ్బదియేండ్ల అవ్వకు సైకిలు తగిలి తుంటియెముక విరిగినచో, సైకిలు తేలికయను వాదము ఆమె యింటివారికి ఏమి ఊరట? రోడ్డుమీద సైకిలుకంటె బలహీనులును కలరు. ఇతర కారణములన్నియు లేకున్నను నాకు ఈ కారణమొక్కటే చాలియుండెడిది.

సైకిలువారి ఫిర్యాదులలో న్యాయమైనది ఒకటి కలదు. దానిని దాచుట తగదు. దీపముల కాలము మోటార్ల వేగమునకు కట్టబడినది. పసుపుదీపము మూడు సెకనులు మాత్రమే వెలుగుననుకొనుడు. అంతలో సైకిలు పండ్రెండు మీటర్లు పోవునేమో. కావున పచ్చదీపము చివర తొందరపడి చొచ్చిన పిల్లవాడు నడిరోడ్డున ఉండగానే అడ్డువారికి పచ్చదీపము వచ్చును. పచ్చ ముగియబోవునని తోచినచో ఆగుటయే మేలని పిల్లలకు వేరుగా చెప్పవలెను. ఎర్రదీపమును గూర్చి చెప్పువారు దీనిని సాధారణముగా చెప్పరు. సైకిళ్ళకు ప్రత్యేకమార్గములు జయనగరములోను, 2020లో ఔటర్ రింగు రోడ్డుపైనను ఏర్పడినవి గాని పలుచోట్ల వానిపై కార్లు నిలుపుటయే జరిగినది.

సమయము మాటకు వత్తము. ఇంటినుండి పాఠశాలకు మూడు సిగ్నళ్ళు ఉన్నవనుకొనుడు. ప్రతి దీపమును ఎర్రగానే ఎదురై, ఒక్కొక్కచోట రెండు నిమిషములు నిలిపినను మొత్తము ఆరు నిమిషములు. ఈ ఆరు నిమిషములకై పిల్లవాడు దీపము దాటుచున్నాడనిన, ఆలస్యమునకు దొరకు శిక్షకు భయపడియే. అందుచేత ఉపాధ్యాయులతో యోచించి, ఈ యేటి నుండి వేకువ తరగతిలో మొదటి పది నిమిషములు హాజరు పిలువక, ముందటి దినపు పాఠమును నెమరువేయుటకు వినియోగింపవలెనని నిర్ణయించితిమి. తలిదండ్రులును తమ వంతు చేయవలెను. పిల్లవానిని స్కూటరు వెనుక కూర్చుండబెట్టుకొని ఎర్రదీపము దాటు తండ్రి, ఆ దినము చెప్పు మాటలకు విలువ ఉండదు.

ఆదివారమున పిల్లలతో చేయదగిన పని యొకటి చెప్పెదను. వేకువన వారిని సమీపపు కూడలికి తీసికొనిపోయి కాలిబాటమీద నిలువుడు. రోడ్డు దిగవలదు. సెకనుల ముల్లు గల గడియారము పిల్లవాని చేతికి ఇండు. "ఇప్పుడు ఖాళీ" అని వానికి తోచినపుడెల్ల వానినే గట్టిగా చెప్పుమని, ఆ క్షణమునుండి అడ్డురోడ్డున మొదటి వాహనము కూడలి చేరువరకు ఎన్ని సెకనులు పట్టినదో లెక్కించుమనుడు. ఇరువది సారులు లెక్కించి పుస్తకములో వ్రాయింపుడు. ఎనిమిదికి తక్కువైన సంఖ్యల క్రింద ఎర్రసిరాతో గీత గీయించి, సోమవారమున ఆ పుటను గణితోపాధ్యాయునికి చూపుటకై పంపుడు.